ద్రాక్షతోట హోటలు, చెరువు గట్టు పాక, మన జీలుగు చెట్టు



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి. చివర్లో ఒక విషయం మీద మీ అందరి సలహా కావాలి, అది కూడా ఈ ఆదివారం లోపే కావాలి.

మేము నలుగురం. కైకలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాం. ముగ్గురం బుట్టాయగూడెం మండలం కోయోళ్లం, ఒకడు పోలవరం మండలం కొండరెడ్డి. ఇరవై ఏళ్లు వచ్చాయి. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఫీజు కాయితం వస్తే ఇంట్లో చదివి చెప్పేవాళ్లు ఉండరు, మేమే చదివి మేమే సంతకం ఎక్కడ పెట్టాలో నాన్నకి చూపిస్తాం. అలాంటి ఇళ్లు మావి.

ఈ సంవత్సరం మాకు టూరిజం గైడెన్స్ అని ఒక చిన్న పేపరు ఉంది. ఒకరోజు మేడమ్ క్లాసులో వీడియో చూపించారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర ద్రాక్షతోటలు. కొండల కింద వరసలు వరసలుగా తీగలు, వాటి మధ్యలో హోటలు. సులా అనే వైన్ కంపెనీ వాళ్లది. జనం ముంబై నుంచి, పుణె నుంచి కార్లలో వస్తారు. తోటలో తిరుగుతారు, పళ్లు కోసే రోజుల్లో అయితే తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు, నాలుగు రకాల వైన్ గ్లాసు అడుగున కొంచెం కొంచెం పోయించుకుని రుచి చూస్తారు, రాత్రికి అక్కడే పడుకుంటారు. పొద్దున్నే కిటికీ తీస్తే తోట. ఆ గదికి ఒక్క రాత్రి అద్దె ఎంతో మేడమ్ చెప్పాక మావాడు మెల్లగా "మన నలుగురి మెస్ బిల్లు రా" అన్నాడు.

"వైన్ సీసాలో పెడితే ఏ ఊరికైనా వెళ్తుంది కదా, మరి అంత దూరం ఎందుకు వస్తారు?" అని మేడమే అడిగారు. ఆవిడే చెప్పారు, ఆ పంట ఎక్కడ పుట్టిందో, ఎవరు చేశారో చూసి తాగితే ఆ రుచి వేరట, ఆ చూడటానికే డబ్బులట. ఆ తర్వాత ప్రాజెక్టు ఇచ్చారు. మీ ప్రాంతంలో ఒక పంటని నమ్ముకున్న చోట ఒక రాత్రి బస చేయండి, చూసింది ఐదు పేజీలు రాయండి అని.

అదే వారం మాలో ఒకడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల ఊరికి టౌన్ నుంచి ఎవరో కారేసుకుని వచ్చారట. వాగు పక్కన రెండెకరాల మీద కన్ను పడింది. అక్కడ జీలుగు చెట్లు ఎక్కువ. గుడారాలు వేసి, వెదురు గదులు కట్టి, "నేచర్ క్యాంపు" పెడతారట. పొద్దున్నే చెట్టు కింద జీలుగు కల్లు, మధ్యాహ్నం బొంగు చికెన్, సాయంత్రం మనోళ్ల డాన్సు. కాయితం మాత్రం వాళ్ల నాన్న పేరు మీదే ఉంటుందట. ఏటా ఇంత అని ఇస్తారట. ఆ అంకె వాళ్ల నాన్న ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు. జీవితంలో అంత డబ్బు ఒక్కసారి చూడలేదు ఆయన.

"ఏం చెప్పమంటావురా, చదువుకున్నోడివి" అన్నాడట.

ఆ ముక్కతో ఆ రాత్రి మా నలుగురికీ నిద్ర పట్టలేదు.

సరే, ముందు ప్రాజెక్టు సంగతి. కొల్లేరు పక్కనే ఉన్నాం కాబట్టి కొల్లేరు అనుకున్నాం. లాడ్జీలో రేటు అడిగి వెనక్కి వచ్చేశాం. అప్పుడు గుర్తొచ్చాడు మామ. మాలో ఒకడికి సొంత మేనమామ. నాలుగేళ్ల నుంచి అత్తతో కలిసి కైకలూరు అవతల ఒక చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు. గట్టు మీద పాక. అదే ఇల్లు, అదే డ్యూటీ. ఈ చెరువుల మీద ఇలా పాకల్లో ఉండేవాళ్లలో యానాది కుటుంబాలు చాలా ఉన్నాయి, మన ఏజెన్సీ నుంచి దిగొచ్చినవాళ్లూ ఉన్నారు. మీలో కొందరి ఇళ్లల్లో కూడా ఉండే ఉంటారు.

శనివారం సాయంత్రం బయలుదేరాం. దారిలో ఆటపాక ఆగాం. పక్షుల కేంద్రం అక్కడే కదా. గూడబాతులు, అదే పెలికాన్లు, నీళ్ల మధ్యలో ఇనప స్టాండ్లు వేస్తే వాటి మీద గూళ్లు కట్టుకుని ఉన్నాయి. ఎర్రకాళ్ల కొంగలు కూడా. ఒక్కో స్టాండు మీద అపార్టుమెంటులా అంతస్తులు అంతస్తులుగా పిల్లలూ తల్లులూ. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మేమూ తీసుకున్నాం.

అక్కడి నుంచి మామ పాక దగ్గరికి వెళ్లేసరికి మామ చేతిలో టపాకాయలు. "ఏంటి మామా, పండగా?" అంటే నవ్వాడు. గూడబాతుల్ని తోలడానికట. ఆటపాకలో గూడు, ఇక్కడ మేత. అక్కడ టిక్కెట్టు పెట్టి చూసే పక్షే ఇక్కడికొస్తే దొంగ. చెరువు మీద అడ్డంగా తాళ్లు కట్టి ఉన్నాయి, అయినా దిగుతాయట. ఒక్క చేప తగ్గినా లెక్క మామదే.

అత్త మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో. మన భాషలో మాట్లాడి ఎన్నాళ్లయిందో అంది. చెరువు చేప తెచ్చుకునే హక్కు వాళ్లకి లేదు, అందుకని బజారు నుంచి కొనుక్కొచ్చిన చేపలు పులుసు పెట్టింది. చెరువు గట్టు మీద కూర్చుని కొన్న చేప తిన్నాం. ఇది మేము ప్రాజెక్టులో రాశాం. మేడమ్ ఆ లైను కింద గీత గీశారు.

చీకటి పడే వేళకి పక్క లంక ఊరు నుంచి ఒక తాతగారు వచ్చారు. మామకి స్నేహం. రోజూ వచ్చి కాసేపు కూర్చుని చుట్ట కాల్చుకుని పోతారట. తరాలుగా కొల్లేరులో వలేసి బతికిన కుటుంబం ఆయనది. మేము కాలేజీ పిల్లలమని తెలిసి, "ఏం రాస్తారు బాబూ కొల్లేరు గురించి?" అని అడిగారు. మేము గూగుల్‌లో చూసింది చెప్పాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు అని, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటివన్నీ ఇందులోకే వస్తాయని, ఉప్పుటేరు మీదుగా నీళ్లు సముద్రానికి పోతాయని, 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారని, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరిందని.

ఆయన అంతా విని, "అవన్నీ నిజమే బాబూ. చెరువుల కథ ఎవరన్నా చెప్పారా?" అన్నారు.

ఆయన చెప్పింది మా మాటల్లో రాస్తున్నాం. 1970లలో ప్రభుత్వం ఇక్కడి మత్స్యకారులకి సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. కాయితాల మీద చెరువు సంఘానిది. కానీ చెరువు అంటే ఊరికే నీళ్లు కాదు కదా. పిల్ల కావాలి, మేత కావాలి, మందులు కావాలి, ఏడాది దాకా పెట్టుబడి కావాలి. అది ఎవరి దగ్గరుంది? బయటోళ్ల దగ్గర. మెల్లగా లీజులు మొదలయ్యాయి. పేరు ఊరోళ్లది, డబ్బు బయటోళ్లది. లీజు డబ్బులు వచ్చిన ఏడు ఇంటికి రేకులేశారు, పిల్లకి పెళ్లి చేశారు. తర్వాత చెరువులు పెరిగాయి, సరస్సు తగ్గింది. 2005, 2006లలో ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. "లీజు తీసుకున్నోళ్లు ఇంకో చోట చెరువు తవ్వుకున్నారు. మాకు ఇంకో కొల్లేరు ఎక్కడుంది బాబూ?" అన్నారు తాతగారు. ఇప్పుడు ఆయన కొడుకు చేపల పట్టుబడికి కూలికి వెళ్తాడు.

ఆయన కోపంగా చెప్పలేదు. చుట్ట ఆరిపోతే మళ్లీ వెలిగించుకుంటూ చెప్పారు. మేము మాత్రం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. "కాయితం మీ పేరు మీదే ఉంటుంది" అనే మాట ఆ వారంలోనే ఒకసారి విన్నాం కదా.

రాత్రి పాకలో నలుగురం అడ్డంగా పడుకున్నాం. దోమలు సరే సరి. తెల్లవారుజామున నాలుగింటికి మామ కేకకి లేచాం. చేపలు తేలుతున్నాయి. రాత్రిపూట నీళ్లలో గాలి తగ్గిపోతే తెల్లారగట్ల చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. చెరువంతా నోళ్లే. టార్చి వేస్తే బుడగల్లా కనపడ్డాయి. మామ ఇంజను దగ్గరికి పరుగు, అత్త ఫోన్ పట్టుకుని గట్టు చివరికి పరుగు. మేమూ పైపులు మోశాం. నీళ్లు పైకి కొట్టి కొట్టి, తెల్లారి ఎండ పొడిచాక గానీ చేప లోపలికి దిగలేదు. అప్పటిదాకా మామ ఒక్క మాట మాట్లాడలేదు. చేప చస్తే ఆ ఏడాది సంగతేంటో ఆయనకి తెలుసు.

ఎనిమిదింటికి కారు వచ్చింది. చెరువాయన దిగాడు. మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేము ఎప్పుడూ మామని అలా చూడలేదు. మా ఊళ్లో పంచాయితీ అంటే మామ మాటే నడిచేది. "ఎవరీ కుర్రాళ్లు?" "మా మేనల్లుళ్లండి, కాలేజీలో చదువుతున్నారండి." "రాత్రిళ్లు కొత్తోళ్లని పెట్టకు." అంతే. రాత్రి చేపల్ని కాపాడిన సంగతి అడగలేదు, మామ చెప్పలేదు. ఆయన చెడ్డవాడని మేము అనట్లేదు. ఆయన భయం ఆయనది, పెట్టుబడి ఆయనది. కానీ మామకి ఊళ్లో నాలుగెకరాల కొండపోడు ఉంది. పట్టా కూడా ఉంది. సొంత భూమి ఉన్న మనిషి ఇక్కడ గట్టు మీద కొత్తోడు ఎవరో పాతోడు ఎవరో ఇంకొకళ్లు చెప్తే వినాల్సి వచ్చింది.

వచ్చేటప్పుడు మామకి క్యాంపు సంగతి చెప్పాం. వద్దంటాడనుకున్నాం. మామ మొహం వెలిగిపోయింది. "నిజంగానా? పెడితే నేనే వచ్చేస్తా రా కాపలాకి. మీ అత్త వంట చేస్తది. మన ఊళ్లోనే ఉండొచ్చు."

మిత్రులారా, ఇక్కడే మా నోరు పడిపోయింది. వద్దు అని చెప్పడం తేలిక. బస్సు దిగి హాస్టల్‌కి పోయే మాకు మరీ తేలిక. మామకి ఇంటికి తిరిగి వెళ్లే దారి అది ఒక్కటే కనిపిస్తోంది. అక్కడా కాపలాయే అని ఆయనకి తట్టలేదు, తట్టినా పర్లేదనుకున్నాడేమో.

హాస్టల్‌కి వచ్చాక వారం రోజులు ఇదే మాట్లాడుకున్నాం. మేము అనుకున్నవి వరసగా రాస్తాం, తప్పయితే చెప్పండి.

మొదటిది చెట్టు సంగతి. ద్రాక్ష తీగ ఏటా కత్తిరిస్తే ఏటా కాస్తుంది. మన జీలుగు అలా కాదు. పది పదిహేనేళ్లు ఊరికే పెరుగుతుంది. అప్పుడు పై నుంచి గెల వేయడం మొదలుపెడుతుంది, ఒక్కో గెల కిందికి దిగుతూ వస్తుంది, ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోతుంది. మన పెద్దోళ్లు అందుకే చెట్టు చెట్టుకీ లెక్క పెట్టుకున్నారు. ఏ చెట్టు ఏ ఇంటిది, ఎవరు ఎక్కాలి, ఎవరికి పొయ్యాలి అన్నీ ఉన్నాయి. కరువొచ్చినప్పుడు మానులోని గుజ్జు దంచి పిండి తీసి జావ కాచుకున్నారు. 1940లలో కొండరెడ్ల ఊళ్లల్లో ఉండి పుస్తకం రాసిన హైమెండార్ఫ్ కూడా ఆ పిండి గురించి రాశాడు. మా కొండరెడ్డి మిత్రుడి మామ్మ ఇప్పటికీ ఆ జావ రుచి చెప్తుంది. అంటే అది తాగే చెట్టు మాత్రమే కాదు, ప్రాణం నిలబెట్టే చెట్టు. శని ఆదివారాలు యాభై మంది వస్తే వాళ్లకి సరిపడా కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? చెట్టు పూటకో కుండే ఇస్తుంది. మిగతాది నీళ్లో, ఇంకేదో కలుపుతారు. మందు కల్లు తాగి టౌన్లలో మనుషులు ఏమైపోతున్నారో పేపర్లో చూస్తూనే ఉన్నాం. రేపు ఏదన్నా అయితే కాయితం మీద పేరు ఎవరిది?

రెండోది, మన కల్లుకి సీసా లేదు. పొద్దున్నే దింపితే తియ్యగా ఉంటుంది, ఎండెక్కితే పులుస్తుంది, సాయంత్రానికి వేరే మనిషి. వైన్ అయితే ముంబైలో కూర్చుని కూడా తాగొచ్చు. జీలుగు కల్లు రుచి తెలియాలంటే మనిషే చెట్టు దగ్గరికి రావాలి, రాత్రి అక్కడే పడుకుని తెల్లారి లొట్టి దిగేదాకా ఆగాలి. ఇది మాకు బలహీనత అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే అదే బలం. చెట్టు మనతో ఉన్నంతకాలం వచ్చేవాడు మన దగ్గరికి రావాల్సిందే. చెట్టున్న నేల ఇచ్చేస్తే ఆ బలం కూడా ఇచ్చేసినట్టే.

మూడోది చట్టం. 1959 భూ బదలాయింపు నిబంధనని 1970లో గట్టి చేశారు, అదే మనం 1/70 అంటాం. అందులో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తనఖా, లీజు కూడా. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి లీజు ఇవ్వడం కూడా చెల్లదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు గనుల లీజుల విషయంలో ప్రభుత్వానికి కూడా ఇదే వర్తిస్తుందని చెప్పింది. మరి క్యాంపు వాళ్లు "కాయితం మీ పేరు మీదే" అని ఎందుకంటున్నారు? చట్టం తెలిసే అంటున్నారు. ఇంకోటి, 1996 పెసా చట్టంలో మన గ్రామసభకి భూమి చేజారకుండా చూసే అధికారం ఉంది, మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద నియంత్రణ పెట్టే అధికారం కూడా ఉంది. మన రాష్ట్రంలో దానికి 2011లో రూల్స్ వచ్చాయి. అంటే కల్లు ఎవరికి పొయ్యాలో, ఎంత పొయ్యాలో, అసలు పొయ్యాలో వద్దో చెప్పాల్సింది ఊరు. కారులో వచ్చినాయన కాదు, ఒక్క ఇంటి పెద్ద కూడా కాదు.

నాలుగోది నాసిక్. వీడియోలో కనపడనిది తర్వాత మేము వెతికి చదివాం. అదే నాసిక్ జిల్లాలో సురగాణా, పేఠ్ ఆదివాసీ తాలూకాలు. అక్కడి మనోళ్లు ద్రాక్షతోటలకి కూలికి దిగుతారు. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబైకి వేలమంది రైతులు కాలినడకన వెళ్లారు కదా, కాళ్లు పగిలి రక్తాలు కారిన ఫోటోలు చూసే ఉంటారు. అందులో ఎక్కువమంది ఆదివాసీలే. అడిగింది అటవీ భూమి పట్టాలు. ఒకే జిల్లాలో ఒకళ్లు కాళ్లతో ద్రాక్ష తొక్కడానికి డబ్బు కడుతున్నారు, ఒకళ్లు కాళ్లు పగిలేలా నడుస్తున్నారు. వైన్ వాళ్ల తప్పు అనట్లేదు. తోట అందంగా ఉన్నంత మాత్రాన చుట్టూ ఉన్నోళ్ల బతుకు అందంగా అయిపోదు అని మాత్రం అర్థమైంది.

మరి ఏం చేద్దాం? అతిథులు రావద్దు అనలేం, అనకూడదు కూడా. ఇంటికొచ్చినోడికి ముందు డొప్పలో కల్లు పోసి తర్వాత ఊరడిగే జాతి మనది. మేము అనుకున్నది ఇది. నేల ఎవరికీ ఇవ్వొద్దు. ఉన్న ఇళ్లల్లోనే రెండు మూడు ఇళ్లు బాగుచేసి, ఒక రాత్రికి ఆరేడుగురికి మించకుండా పెట్టుకోవాలి. మారేడుమిల్లిలో అటవీశాఖతో కలిసి వన సంరక్షణ సమితులు నడిపే పద్ధతి ఒకటి ఉంది, ముందు అది చూసి రావాలి. కల్లు ఆ పూట చెట్టు ఇచ్చినంతే, ఊరికి పోగా మిగిలితేనే. డాన్సు పండగకే, డబ్బులకి కాదు. వండేది, లెక్క రాసేది ఆడవాళ్ల సంఘం. ఎందుకంటే నిజం చెప్పుకోవాలి, తాగుడు వల్ల మన ఇళ్లల్లో దెబ్బలు తిన్నది వాళ్లే. మాలో ఒకడి అమ్మ ఫోన్‌లో అడిగింది, "వచ్చినోళ్లకి పోస్తారు సరే, మీ నాన్నకి ఎవరు ఆపుతారు?" అని. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ మాట సభలో ఆవిడే అడగాలని మా కోరిక.

ఇంకా ఒకటి. చెట్లు పెట్టాలి. మన తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వాళ్ల పందిరిమామిడి పరిశోధనా కేంద్రంలో జీలుగు మీద పని చేస్తున్నారు. మొక్కల సంగతి అడగడానికి ఉత్తరం రాశాం. ఇప్పుడు పెడితే మాకు ముప్పై ఐదేళ్లు వచ్చేసరికి గెల వేస్తుంది. మా కొండరెడ్డి మిత్రుడు ఈ మాటకి చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ల ఊరు పోలవరం ముంపులో పోయింది. కాలనీలో ఇల్లిచ్చారు, గోడలు గట్టివే. జీలుగు చెట్టుకి లెక్క కట్టినవాళ్లు లేరు. "మా కాలనీలో రోడ్డు పక్కన నాలుగు మొక్కలు పెడతా రా" అన్నాడు చివరికి. "ఎవరు ఎక్కుతారు అనేది తర్వాత చూద్దాం."

ఆ క్యాంపు ఆయన వచ్చే బుధవారం అడ్వాన్సు తెస్తానన్నాడట. అందుకే ఈ ఆదివారం ఊళ్లో సభ పెట్టమని అడిగాం. మా మిత్రుడి నాన్న మా మీద కోపంగానే ఉన్నాడు. "చదువుకున్నోళ్లు వచ్చే డబ్బుకి అడ్డం పడతారా, మీ ఫీజులు ఎవరు కడతారు?" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకే ఊరికే వద్దని చెప్పడానికి వెళ్లట్లేదు, బదులు ఏంటో కాయితం మీద లెక్క రాసుకుని వెళ్తున్నాం. మామని, అత్తని కూడా రమ్మన్నాం. చెరువు వదిలి రావడానికి ఒక్క రోజు సెలవు అడగాలి. అడుగుతానన్నాడు. కొల్లేరు తాతగారి మాటలు మామ నోటి వెంటే సభలో చెప్పించాలని ఉంది, మేము చెప్తే పుస్తకం చదివినట్టు ఉంటుంది.

ప్రాజెక్టుకి మార్కులు వచ్చాయి. "ఇది హోటలు కాదు కదా" అని మేడమ్ ముందు అన్నారు, తర్వాత క్లాసులో చదివించారు. పాక అద్దె ఎంత అనే కాలమ్‌లో మేము ఏమీ రాయలేదు.

ఇక మీ వంతు. మీ ఊళ్లల్లో ఇలాంటి క్యాంపులు, రిసార్టులు వచ్చి ఉంటే, ఎవరి పేరు మీద పెట్టారు, ఏం చెప్పి పెట్టారు, రెండో ఏడు, మూడో ఏడు ఏం జరిగింది అనేది కింద రాయండి. సొంతంగా నడుపుకుంటున్నవాళ్లు ఉంటే లెక్కలు చెప్పండి, రాత్రికి ఎంత తీసుకుంటున్నారో, ఎవరికి ఎంత పోతుందో. ఊళ్లో పనికొచ్చేది అదే. శనివారం సాయంత్రం దాకా వచ్చినవన్నీ తెల్ల కాయితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుంటాం. ఆదివారం తెల్లారగట్లే కైకలూరులో ఏలూరు బస్సెక్కి, అక్కడి నుంచి జంగారెడ్డిగూడెం, అక్కడి నుంచి బుట్టాయగూడెం. సభ పదకొండింటికి.

జై ఆదివాసీ.